కిందవాళ్ళ గదులు

ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి, పోటు

తూర్పు మెట్ల పక్క గోడ మీద సాక్షి గాజు మళ్ళీ పగిలింది. పోయిన పౌర్ణమికి పగిలినప్పుడు అతికించినవాళ్ళదే లోపమని సరిపెట్టుకున్నాను. అతికించింది మా ఆయన కొర్లయ్య కాబట్టి ఆ మాట పైకి కూడా అన్నాను. ఈసారి నేనే అతికించాను. అయినా పగిలింది.

నా తరవాత గోడమనిషిగా వచ్చేవాళ్ళు ఈ చిట్టా చదువుతారు గనక వివరంగా రాస్తున్నాను. గోడలో బీట కనబడితే దానికి అడ్డంగా ఒక గాజుముక్క పెట్టి, రెండు అంచులూ సున్నంతో అతికిస్తాం. బీట కదిలితే గాజు పగులుతుంది. కళ్ళు మోసపోతాయి గానీ గాజు మోసపోదు. ప్రతి పోటు తరవాతా మేడంతా తిరిగి వీటిని చూడడం నా ఉద్యోగం. ఇంత కన్నా విసుగు పుట్టించే ఉద్యోగం మేడలో లేదు, విసుగు పుట్టినన్నాళ్ళే మేడకి క్షేమం.

ఎండ బాగా కాస్తే డాబా మీది సౌర పలకల వల్ల పాత లిఫ్టుకి ప్రాణం వస్తుంది. ఇవాళ కూడా ఖాళీ గొయ్యిలోంచి ఆడగొంతు పలికింది: "నేల అంతస్తు. సముద్రతీర జీవనానికి స్వాగతం." నేల అంతస్తు నీళ్ళలో మునిగి మా అమ్మ తరం దాటింది. అక్కడ ఇప్పుడు చేపలు తిరుగుతాయి. వాటికి మర్యాద చేస్తోందనుకుని ఊరుకుంటాం.

పగిలిన ముక్కలు ఇంటికి తెచ్చి కొర్లయ్య ముందు పెట్టాను.

"ఏటే రత్నం, ఈపాలి కూడా నా అతుకుదే తప్పా?"

"ఈపాలి నానే అతికినాను మావా."

"అయితే గాజుదే తప్పు. పోనీ" అని నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు భయం వేసింది. ఆయన అది చూసి వల పక్కన పెట్టి, నాతో పాటు దిగి వచ్చి బీటలో వేలు పెట్టి చూశాడు. నిరుడు గోరు పట్టేది, ఇప్పుడు వేలు పడుతోంది.

బహుళ తదియ, ఆటు

నీళ్ళు దిగాక కింది రెండు అంతస్తులూ తిరిగాను. గోడల్ని చిన్న సుత్తితో తడుతూ, చెవి ఆనించి వింటూ వెళ్ళాను.

మాలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు గుమ్మం తాకిన అంతస్తుని ఊరికే వదిలి పైకి పోము. సామాను మోసుకుపోయాక, ఇంట్లో పోయినవాళ్ళ బూడిద కుండలు గదిలో వరసగా పెడతాం. తరవాత సముద్రం వైపు కిటికీలూ, వెనక గుమ్మమూ ఇటుకతో, గుల్ల సున్నంతో మూసేస్తాం. ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళు కలిపి మర్దిస్తారు కాబట్టి ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. పూర్వం అందరూ అస్థికలు నీళ్ళలోనే కలిపేవారట. మేం కలపం. ఇల్లు లాక్కున్నదానికి మనుషుల్ని కూడా అప్పజెప్పాలా అని మా పెద్దల పంతం. ఆ గదుల్లో ఉన్నవాళ్ళని కిందవాళ్ళు అంటాం. దీపావళికి వాళ్ళ కోసం మెట్ల మీద దీపాలు పెడతాం.

తూర్పున అల వచ్చి మూసిన గోడల్ని కొట్టినప్పుడల్లా నా చెవి అదిరింది. దెబ్బ గోడలో ఆగడం లేదు. స్తంభంలోకి, స్తంభంలోంచి మెట్లలోకి ఎక్కుతోంది.

అక్కణ్ణించి ఉత్తరం వైపు వెళ్ళాను. రెండో అంతస్తులో అక్కడ పూర్వం భోజనశాల ఉండేదట. తింటూ సముద్రం చూడడానికి గోడల బదులు అద్దాలు పెట్టారు. మొదటి తుఫానుకే అద్దాలు పోయాయి. అది ఎవరి ఇల్లూ కాదు, అందుకని ఎవరూ మూయలేదు. అల ఇటు నుంచి వస్తుంది, అటు నుంచి పోతుంది. అక్కడి స్తంభాల మీద మా నాన్న కాలంలో అతికించిన గాజులున్నాయి. ఒక్కటీ పగల్లేదు.

ఆ గాజుల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను. ఇన్నేళ్ళు ఈ గాజుల్ని చూస్తూ, పగలనివాటిని పట్టించుకోలేదు. మేం గట్టిగా మూసినచోటే మేడ విరుగుతోంది.

మా నాన్న గోడలు చూపిస్తూ పాత సంగతులు చెప్పేవాడు. ఈ తీరంలో మొదట ఉన్నవాళ్ళు చుట్టిళ్ళు కట్టుకున్నారు. గుండ్రటి మట్టిగోడ, నేల దాకా దిగే తాటాకు చూరు. గాలి చుట్టూ తిరిగి పోయేది, ఉప్పెన వస్తే ఇల్లు పోయేది, మళ్ళీ కట్టుకునేవారు. భిక్షువులు కొండెక్కి ఇటుకతో కట్టుకుని, సముద్రాన్ని దూరం నుంచి చూస్తూ కూర్చున్నారు. ఓడల మీద వచ్చినవాళ్ళు మూరల మందం గోడలు లేపి, ఫిరంగులు పెట్టి, సముద్రం తమ పెరడనుకున్నారు. మా మేడ కట్టినవాళ్ళకి సముద్రమంటే సరదా. పడగ్గదిలోకి కనబడాలని ఎగబడ్డారట. భయం, మర్యాద, పొగరు, సరదా అన్నీ అయిపోయాక మా వంతుకి పగ మిగిలింది. ఆ పగతోనే గోడలు కట్టాం.

బహుళ అష్టమి

డాబా మీద నాచు ఆరబెట్టే చోట అందరం కూర్చున్నాం. మేడకి పెద్దయిన గురువులు బాబాయికి గాజుముక్కలు చూపించి, సంగతి చెప్పాను. సముద్రం వైపు గోడలూ, వెనక గోడలూ తీసేసి నీళ్ళకి దారి వదలాలన్నాను.

"అంటే కిందోళ్ళని నీళ్ళకి ఒగ్గీమంటావేటి?" అన్నాడు గురువులు.

"నీళ్ళకి దారి ఒగ్గీమంటన్నాను బాబాయ్. ఇటొచ్చి అటు పోతాది. దారి లేకపోతే గుద్దుతాది."

"మా తాత కట్టిన గోడ. రాయినాగ ఉన్నాది."

"రాయినాగ ఉండబట్టే మేడకి దెబ్బ. మీ తాత సరిగ్గా కట్టకపోయుంటే ఈపాటికి బాగుపడీవోళ్ళం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గురువులుకి కోపం వచ్చింది. తరవాత కొండల వైపు చూశాడు. కొండ మీద ఊళ్ళు నిండిపోయాయి. మా మేడ నుంచి ఎవరినీ రానివ్వడం లేదు, తెప్ప దగ్గరికి వస్తే రాళ్ళు వేస్తున్నారు.

"మేడ పడిపోతే మనకి ఇంకో చోటు నేదు" అన్నాడు చివరికి. "తీద్దారి. అయితే మూసినోళ్ళే తియ్యాలి. అది మన కట్టు. ఒకరి గోడ మీద ఇంకొకరు గునపం ఎయ్యకూడదు." ఆగి, నావైపు తిరిగి, "మేడకి ముప్పని గోడమనిసి ఊ అంటే తప్ప" అన్నాడు.

ఆ చివరి మాట నాకు బరువుగా తోచింది. మా అప్ప, అంటే మా అక్క పోలమ్మ, మాత్రం సభ మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది.

బహుళ ఏకాదశి

మూడు రోజులుగా గోడలు తీస్తున్నాం. అష్టమి దగ్గర పోటు చిన్నది కాబట్టి రెండో అంతస్తు పొడిగానే ఉంది. మొదటి అంతస్తులో మాత్రం నడుం లోతు నీళ్ళలో నిలబడి కొట్టాలి.

మా గది నేనూ కొర్లయ్యా తీశాం. లోపల అమ్మ కుండ, నాన్న కుండ ఉన్నాయి. వాటిని కిటికీ దగ్గరికి తెచ్చి నీళ్ళలోకి వంచాను. పనివేళ కావడం వల్లో ఏమో, నాకు ఏమీ అనిపించలేదు. కొర్లయ్యే చెమ్మగిల్లిన కళ్ళతో నిలబడ్డాడు. "మీ నాయిన నాకు గునపం పట్టుకోడం నేర్పినాడే" అన్నాడు. ఇంకా గదులున్నాయి పద అని తొందర పెట్టాను. గురువులు తన తాత గోడ మీద మొదటి దెబ్బ వేసి, గట్టిగా ఏడ్చాడు. మిగతా దెబ్బలు ఆయన కొడుకులు వేశారు.

సాయంత్రానికి ఒక్క గది మిగిలింది. రెండో అంతస్తు, తూర్పు మెట్ల పక్కది, మా అప్పది. ఆ గదిలో ఒకే కుండ. దేవుడమ్మది. అప్పకి ఒక్కతే కూతురు, జ్వరంతో పోయింది.

అప్ప సరిగ్గా ఆ గది పైనే, మూడో అంతస్తులో ఉంటుంది. నేను వెళ్ళేసరికి సున్నం కోసం గుల్లలు ఏరుతోంది.

"అప్పా, నీదొక్కటే మిగిలినాది."

"మిగలనీ."

"పక్కనోళ్ళందరూ తీసీసినారు. ఇంక అలంతా నీ గోడ మీదికే వొస్తాది. ఆ స్తంభం మీదే మెట్లున్నాయి."

"నీకు తెలీదేటి రత్నా?" అంది తల ఎత్తకుండా. "దేవుడమ్మకి నీళ్ళంటే బయిం. పోటొచ్చిన రోజు మంచం మీద కాళ్ళు ముడుసుకుని కూకునీది. నీళ్ళు నిన్ను ముట్టుకోవమ్మా, నానున్నాను గదా అని సెప్పీదాన్ని. జొరాన్ని ఆపలేకపోనాను. ఆ మాటొక్కటే నిలబెట్టుకున్నాను. అదీ తీసీమంటావా?"

కాసేపు పక్కన కూర్చుని గుల్లలు ఏరి వచ్చేశాను. గోడమనిషిగా నేను చేయవలసిన పని అది కాదు.

బహుళ చతుర్దశి

కొండ మీది రేడియో తుఫాను సంగతి చెప్పింది. అమావాస్య పోటూ తుఫానూ ఒక్కసారే తీరం దాటుతాయట. గాలి ఇప్పటికే ఆగ్నేయానికి తిరిగింది. సముద్రం రంగు మారింది, చేప పడడం లేదు.

గురువులు పొద్దున్నే వచ్చాడు. "నువ్వు ఊ అను. మిగతాది మేం సూసుకుంటాం" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఆ జాలి నాకు నచ్చలేదు.

కొర్లయ్య గునపం తీసి గుమ్మం దగ్గర ఆనించాడు. "వదిన నీళ్ళు పట్టుకోడానికి పైకొస్తాది గదా. అప్పుడు నాను దిగి కొట్టీసొస్తాను. తరవాత తిట్టుకుంటాది, తిట్టుకోనీ. తిట్టడానికి మనిసన్నా ఉంటాది."

"వొద్దు మావా. అప్ప బతికున్నంతకాలం నా మొకం సూడదు."

"సూడకపోతే ఏటవుద్ది?"

"నీకు తెలీదు. అమ్మ పోయాక నన్ను పెంచినాది అదే. ఈ అమాస దాటనీ. నానే ఒప్పిస్తాను."

"నీ ఇష్టం. గోడమనిసివి నువ్వు" అని గునపాన్ని తీసి లోపల పెట్టేశాడు.

అమావాస్య, ఉదయం

తూర్పు వైపు ఇళ్ళన్నీ ఖాళీ చేయించాం. అందరినీ పడమటి వైపు పై అంతస్తుల్లోకి చేర్చాం. అప్ప కూడా మూట పట్టుకుని వచ్చింది. ఇవాళ దీపావళే అయినా, ఈ సంవత్సరం మెట్ల మీద దీపాలు వద్దని గురువులు అందరికీ చెప్పాడు. అప్ప తల ఊపింది. తల ఊపిందంటే నమ్మాను.

గాలి చూస్తే ఇంకా పెరిగేలా ఉంది. తెరిచిన గదుల్లోంచి నీళ్ళు ఇటు వచ్చి అటు దూకుతున్న చప్పుడు పైకి వినబడుతోంది. గుద్దుడు లేదు. ఒక్క చోట మాత్రం ఉంది.

కార్తీక శుద్ధ పాడ్యమి

నిన్న మధ్యాహ్నం పోటు ఎక్కుతుండగా అప్ప కనబడలేదు. చేపనూనె దీపం కూడా లేదు. ఎక్కడికి వెళ్ళిందో నాకూ కొర్లయ్యకీ ఒకేసారి తెలిసింది. ఆయన నా కన్నా ముందు పరిగెత్తాడు.

నేను మూడో అంతస్తు మలుపు దాకా వెళ్ళాను. కింద అప్ప తను మూసిన గదికి కాస్త పైనున్న మెట్టు మీద కూర్చుని, గాలికి అడ్డంగా కొంగు పట్టి దీపం వెలిగించాలని చూస్తోంది. "వదినా, లే" అని కొర్లయ్య అరిచాడు. ఆమె వినలేదో, విని కూడా లేవలేదో. ఆయన దిగి ఆమెని నడుం పట్టి ఎత్తి నేనున్న మలుపు మీదికి తోశాడు. అప్పుడు అల వచ్చింది.

పక్క గదుల్లోంచి నీళ్ళు సాఫీగా పోయాయి. అప్ప గోడ నిలబడింది. అంత దెబ్బకీ ఒక్క ఇటుక రాలలేదు. దాని పక్క స్తంభం విరిగింది. స్తంభంతో మలుపు కింది మెట్లు పోయాయి, మెట్ల మీద ఉన్న మనిషి పోయాడు. ఆ తరవాతే పైనున్న గదులతో సహా ఆ గది మొత్తం పక్కకి ఒరిగి, మూసినది మూసినట్టే సముద్రంలోకి జారిపోయింది.

ఇవాళ ఆటుకి కొర్లయ్య దొరికాడు. ఉత్తరం వైపు భోజనశాలలో, స్తంభానికి ఆని ఉన్నాడు.

మేడ నిలిచింది. తెరిచిన గదులే నిలబెట్టాయని, నా మాట విన్నందుకే బతికామని అందరూ వచ్చి చెబుతున్నారు. వినబుద్ధి కావడం లేదు. నేను ఒక్కసారి ఊ అని ఉంటే ఆయన ఉండేవాడు. ఇవాళ గాజులు చూడలేదు.

శుద్ధ విదియ

డాబా మీద దహనం చేశాం. కొట్టుకొచ్చిన కర్రలు తడిగా ఉండి చాలాసేపు అంటుకోలేదు. ఆయన ఉంటే ఈ కర్రలేరినవాణ్ణి రెండు తిట్టేవాడు.

అప్ప దూరంగా, నాచు తాళ్ళ అవతల కూర్చుంది. ఎవరూ ఆమెని పిలవలేదు. నేనూ పిలవలేదు.

శుద్ధ షష్ఠి

గోడమనిషిగా ఇది రాయాలి. రెండో అంతస్తులో మా గదిని ఇవాళ మళ్ళీ మూశాను. ఇది తప్పు. ఎందుకు తప్పో ఈ చిట్టాలోనే పైన నేనే రాశాను.

కొర్లయ్య కుండ పట్టుకుని దిగినప్పుడు ఆ ఉద్దేశం లేదు. అమ్మానాన్నల్ని వదిలినట్టే, అదే కిటికీలోంచి ఆయన్నీ వదిలేయాలనుకున్నాను. ఆయనకి నీళ్ళంటే భయం కూడా లేదు, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెప్ప మీదే బతికాడు. సముద్రం అంత తుఫాను చేసింది తాను కానట్టు కిటికీ కింద మెల్లగా ఊగుతోంది. కుండ వంచబోయాను. చెయ్యి వంగలేదు. ఒకసారి తీసుకున్నదానికి నేను మళ్ళీ ఎందుకివ్వాలి? ఇవ్వను. ఇవ్వలేను.

కుండని గది మూల పెట్టి పైకి వెళ్ళి సున్నం తెచ్చాను. మేం కొట్టిన ఇటుకలే మూలన పడి ఉన్నాయి. వాటినే పేర్చడం మొదలుపెట్టాను. గది తెరిచిన రోజు పనివేళ అని రాకుండా ఆగిన కన్నీళ్ళన్నీ ఇప్పుడు వచ్చాయి. కళ్ళు కనబడక ఇటుక వంకరగా పెట్టాను.

వెనక అడుగుల చప్పుడైంది. అప్ప. పడమటి మెట్లు దిగి, మేడంతా చుట్టి వచ్చింది. అమావాస్య తరవాత మేం ఎదురెదురుగా నిలబడడం అదే మొదలు. పొమ్మంటానేమో అని ఆగింది. అనలేదు. ఆమె వచ్చి సున్నం తట్ట ముందు కూర్చుని కరక్కాయ నీళ్ళు పోసి కలపసాగింది. నా వంకర ఇటుకని తీసి, సరిగ్గా పెట్టింది. దాని పక్కన తానే ఇంకొకటి పెట్టింది. అలా ఇద్దరం నడుం ఎత్తు దాకా కట్టాం.

"అప్పా" అన్నాను. "ఇది ఉండకూడదు."

"తెలుసు."

"పున్నం పోటుకి ఇది ఇక్కడుంటే ఈ పక్క స్తంభం కూడా..."

"తెలుసే రత్నా."

"నా సేత్తో నాను తియ్యలేను."

అప్ప సున్నం చేతులు కొంగుకి తుడుచుకుంది. దేవుడమ్మ గది ఉండిన చోట ఇప్పుడు ఉత్త ఆకాశం కనబడుతోంది. అటే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు కట్టుకోవే" అంది. "పున్నం ముందర నానొచ్చి పగలగొడతాను. ఆ రోజు నువ్వు కిందికి రాకు."

నేను తల ఊపాను. ఆమె తరవాతి ఇటుక అందించింది.